ఇంగ్లిష్‌–స్పానిష్ ద్విభాషా ప్రభుత్వ పాఠశాల చరిత్రను ఎలా రాయాలి

అమెరికాలో ఇంగ్లిష్, స్పానిష్ భాషలు రెండింటిలోనూ చదువు చెప్పే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఎన్నో నగరాల్లో ఉన్నాయి, వాటిలో కొన్నింటికి యాభై ఏళ్లు దాటాయి. వార్షికోత్సవం దగ్గర పడిందంటే చాలు, పాఠశాల చరిత్రను రాసిపెట్టే బాధ్యత పీటీఏ (తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘం)లోని ఎవరో ఒక తల్లి మీదో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి మీదో, పాఠశాల లైబ్రేరియన్ మీదో పడుతుంది. అలా తయారైన పుస్తకాల్లో భవనం ఎప్పుడు కట్టారు, ప్రిన్సిపాల్స్‌గా ఎవరెవరు పనిచేశారు, ఏయే అవార్డులు వచ్చాయి అన్న వివరాలు వరుసగా ఉంటాయి. ఆ బడిని పక్క వీధిలోని బడి నుంచి వేరు చేసే అసలు సంగతి, అంటే ఏ సంవత్సరంలో ఏ తరగతి పిల్లలు రోజులో ఎంతసేపు ఏ భాషలో చదువుకున్నారు, ఆ పాఠం ఎవరు చెప్పారు, ఎవరి పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెప్పారు అన్నది మాత్రం ఎక్కడా దొరకదు. ద్విభాషా పాఠశాల చరిత్రకు వెన్నెముక ఆ సంగతేనని నా గట్టి అభిప్రాయం. ఈ పని తలకెత్తుకున్నవారు దానిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏయే కాగితాలు వెతకాలో, ఎవరెవరితో మాట్లాడాలో కింద వివరిస్తున్నాను.

ఏ చరిత్ర రాస్తున్నారో ముందు తేల్చుకోండి

ఒక పాఠశాలకు సాధారణంగా మూడు చరిత్రలు ఉంటాయి. భవనానిది ఒకటి, పేరుది ఒకటి, ద్విభాషా బోధనది ఒకటి. ఈ మూడూ ఒకే తేదీన మొదలైన సందర్భాలు అరుదు. వాషింగ్టన్ నగరంలోని ఆయిస్టర్ పాఠశాలనే తీసుకుంటే, ఆ బడి 1920ల నుంచీ ఉన్నా అక్కడ ద్విభాషా బోధన మొదలైంది 1971లో. పాత భవనం ఉన్న స్థలంలో కొంత భాగాన్ని అపార్ట్‌మెంట్ల నిర్మాణానికి ఇచ్చి, బదులుగా కట్టించుకున్న కొత్త బడి 2001లో తెరుచుకుంది. ఆ తరవాత 2007లో ఆడమ్స్ పాఠశాలతో విలీనమై పేరు ఆయిస్టర్–ఆడమ్స్‌గా మారింది. ఇన్ని తేదీలున్న బడికి ‘స్థాపన సంవత్సరం’ ఒక్కటే అని రాస్తే పాఠకుడు దారి తప్పుతాడు. అందువల్ల మొదటి పేజీలోనే ఈ మూడు కాలరేఖలనూ విడివిడిగా చూపి, మీ కథనం ప్రధానంగా వాటిలో దేని వెంట నడుస్తుందో చెప్పండి.

‘మాదే దేశంలో మొట్టమొదటి ద్విభాషా పాఠశాల’ అన్న మాట పాత కరపత్రాల్లో, స్థానిక పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. దానిని యథాతథంగా ఎత్తి రాయకండి. సిన్సినాటిలో 1840 నుంచే ప్రభుత్వ పాఠశాలల్లో జర్మన్, ఇంగ్లిష్ కలిపి బోధించారు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ మీద రేగిన వ్యతిరేకతతో ఆ సంప్రదాయం కూలిపోయింది. టెక్సస్ రాష్ట్రం 1918లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ తప్ప మరో భాషలో బోధించడాన్ని నేరంగానే పరిగణించింది. అందుకే ఇప్పటి ద్విభాషా పాఠశాలల కథను శూన్యంలో మొదలైనట్టు రాయడం సరికాదు, మధ్యలో తెగిపోయి మళ్లీ మొలకెత్తిన కథగా రాయాలి. మయామీలోని కోరల్ వే పాఠశాలను కూడా రెండవ ప్రపంచ యుద్ధం తరవాత ప్రభుత్వ రంగంలో మొదలైన తొలి ఇంగ్లిష్–స్పానిష్ ద్విభాషా పాఠశాలగా పేర్కొనడం ఆనవాయితీ. ‘తొలి’ అనే మాట వాడిన ప్రతిచోటా అలాంటి హద్దులు గీసి చెబితే మీ మాట నిలబడుతుంది.

టైమ్‌టేబుల్‌ను ఆధారం చేసుకోండి

బడి అటకలో దొరికే కాగితాలన్నింటిలోనూ నేను ముందుగా వెతకమని చెప్పేది టైమ్‌టేబుల్‌ను. ప్రారంభోత్సవ ప్రసంగంలో ఎవరైనా రెండు భాషలూ సమానమే అంటారు, టైమ్‌టేబుల్ మాత్రం గణితం ఏ భాషలో చెప్పారో, స్పానిష్‌కు ఉదయం పూట తాజా గంటలు దక్కాయా లేక భోజనం తరవాత మిగిలిన గంట దక్కిందా అన్నది చెబుతుంది.

కోరల్ వే విషయంలో ఈ సమాచారం చక్కగా మిగిలి ఉంది. క్యూబా విప్లవం తరవాత దక్షిణ ఫ్లోరిడాకు శరణార్థులు వేలాదిగా వచ్చిన రోజులవి. ఫోర్డ్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో, ప్యూర్టో రికోలో ఇంగ్లిష్ బోధనలో చాలాకాలం పనిచేసిన పాలీన్ రోహాస్ నేతృత్వంలో, మయామీ ఉన్న డేడ్ కౌంటీ విద్యాశాఖ 1963 సెప్టెంబరులో మొదటి మూడు తరగతులతో ఆ ప్రయోగాన్ని మొదలుపెట్టింది. పిల్లలు రోజులో ఒక పూట తమ మాతృభాషలోనూ, రెండో పూట రెండో భాషలోనూ చదువుకునేవారు. సంగీతం, చిత్రకళ, ఆటల వేళల్లో రెండు బృందాలనూ కలిపేవారు. ఏటేటా ఒక్కో తరగతిని కలుపుకుంటూ పైకి వెళ్లారు. ఈ నాలుగు వాక్యాలు చదివిన పాఠకుడికి ఆ బడిలో రోజు ఎలా గడిచిందో కళ్లకు కడుతుంది. మీ బడి విషయంలోనూ ప్రతి దశకు ఇంత స్పష్టత సాధించడమే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇందుకు ఒక పెద్ద పట్టిక తయారు చేసుకోవాలి. ఎడమ వైపు విద్యా సంవత్సరాలు, పైన తరగతులు, ప్రతి గడిలో ఆ ఏడాది ఆ తరగతిలో స్పానిష్‌కు దక్కిన సమయం, ఆ భాషలో చెప్పిన సబ్జెక్టులు, బోధించినవారి హోదా, జీతం డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి రాయండి. తెలియని గడులను ఖాళీగానే ఉంచండి, పక్క సంవత్సరాలను బట్టి ఊహించి నింపకండి. పట్టిక సగం నిండేసరికి మలుపులు వాటంతట అవే బయటపడతాయి. ఒక ఏడాది మూడో తరగతిలో స్పానిష్ సమయం అకస్మాత్తుగా తగ్గిపోయి ఉంటే, దాని వెనుక కొత్త పరీక్షో, ఆగిపోయిన గ్రాంటో, మారిన ప్రిన్సిపాలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ కారణాన్ని వెతకడమే మీ తదుపరి పని అవుతుంది.

ఈ పట్టిక నింపేటప్పుడు కార్యక్రమాల రకాలను కలగాపులగం చేయకుండా జాగ్రత్త పడండి. స్పానిష్ మాట్లాడే పిల్లలను రెండు మూడేళ్లలో ఇంగ్లిష్ తరగతులకు చేర్చడానికి స్పానిష్‌ను మెట్టులా వాడే పద్ధతి వేరు. ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలు, స్పానిష్ మాట్లాడే పిల్లలు ఒకే గదిలో కూర్చుని రెండు భాషలూ చివరిదాకా నేర్చుకునే రెండు వైపుల పద్ధతి వేరు. ఈ రెండో పద్ధతిలోనూ మొదటి నుంచీ సమయాన్ని చెరి సగం పంచే బడులు ఉన్నాయి. కిండర్‌గార్టెన్‌లో తొంభై శాతం స్పానిష్‌తో మొదలుపెట్టి, పై తరగతులకు వెళ్లేకొద్దీ సగానికి తెచ్చే బడులూ ఉన్నాయి. ఆయిస్టర్‌లో ఒక్కో తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులను, ఒకరిని ఇంగ్లిష్‌కు, ఒకరిని స్పానిష్‌కు నియమించే విధానం పాటించారు. బోర్డు మీద పేరు మారకుండానే లోపలి పద్ధతి మారిపోయిన బడులు తక్కువేమీ కాదు కనుక, పేరును బట్టి పద్ధతిని నిర్ణయించకండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

స్థానిక ప్రభుత్వ బడుల పాలకమండలి అయిన స్కూల్ బోర్డు సమావేశాల మినిట్స్‌తో మొదలుపెట్టండి. కార్యక్రమానికి అనుమతి, గ్రాంటు స్వీకరణ, ఉపాధ్యాయుల నియామకాలు, సరిహద్దుల మార్పులు అన్నీ అక్కడ తేదీలతో సహా ఉంటాయి. నియామకాల జాబితాలను విడిచిపెట్టకండి. కోరల్ వేలో, క్యూబాలో అనుభవం గడించిన ఉపాధ్యాయులు కొందరు సహాయకుల హోదాలో పనిచేశారు. అలాంటి అసమానత ప్రసంగాల్లో కనిపించదు, హోదా, జీతం పక్కపక్కన రాసి ఉన్న జాబితాలోనే కనిపిస్తుంది. స్పానిష్ బోధించినవారికి ఏ హోదా ఇచ్చారన్న దాన్నిబట్టే ఆ బడి స్పానిష్‌కు ఇచ్చిన విలువ తెలుస్తుంది.

మినిట్స్ బయటకు ఇవ్వడానికి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) కార్యాలయం వెనకాడితే, మీ రాష్ట్రపు పబ్లిక్ రికార్డుల చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. చాలామంది ఇక్కడ సమాఖ్య సమాచార స్వేచ్ఛా చట్టాన్ని ఉదహరిస్తారు. అది ఫెడరల్ సంస్థలకే వర్తిస్తుంది, స్కూల్ డిస్ట్రిక్టులకు వర్తించదు. అడిగేటప్పుడు ‘ద్విభాషా కార్యక్రమానికి సంబంధించిన అన్ని పత్రాలు’ అని కాకుండా, సంవత్సరాలు, పత్రం రకం స్పష్టంగా రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

ఫెడరల్ గ్రాంటు అందుకున్న బడి అయితే మీకు మరో నిధి ఉన్నట్టే. 1968 నాటి ద్విభాషా విద్యా చట్టం కింద డబ్బు తీసుకున్న కార్యక్రమాలు మూల్యాంకన నివేదికలు సమర్పించవలసి ఉండేది. వాటిలో చాలా నివేదికలు ఎరిక్ అనే ఫెడరల్ విద్యా సమాచార భాండాగారంలో చేరాయి, ఇంట్లో కూర్చునే ఉచితంగా వెతకవచ్చు. ఆ నివేదికల్లో తరగతి గదుల వర్ణన, వాడిన పుస్తకాలు, తల్లిదండ్రుల సలహా సంఘం కూర్పు వంటి వివరాలు ఉంటాయి. అయితే వాటిని రాసినవారికి మరుసటి ఏడాది గ్రాంటు కూడా కావాలన్న సంగతి గుర్తు పెట్టుకుని చదవాలి. జాతీయ విద్యా గణాంక కేంద్రం 1986–87 నుంచి పాఠశాలవారీగా విద్యార్థుల సంఖ్యను ప్రకటిస్తోంది. వాషింగ్టన్‌లోని సెంటర్ ఫర్ అప్లయిడ్ లింగ్విస్టిక్స్ రెండు వైపుల ద్విభాషా కార్యక్రమాల డైరెక్టరీని నిర్వహించింది. అందులోని వివరాలు బడులు తామే ఇచ్చినవి కనుక మినిట్స్‌తో సరిపోల్చుకున్న తరవాతే వాడండి.

పత్రికలను రెండు భాషల్లోనూ చదవక తప్పదు. లాస్ ఏంజెలెస్‌లో 1926 నుంచి వస్తున్న లా ఒపీనియోన్, మయామీలో 1953లో మొదలైన డియారియో లాస్ అమెరికాస్ వంటి స్పానిష్ పత్రికలు, ఇంగ్లిష్ పత్రికలు పట్టించుకోని సభలనూ వినతిపత్రాలనూ నమోదు చేశాయి. మీకు స్పానిష్ రాకపోతే, వచ్చినవారిని అనువాదకులుగా కాకుండా సహ రచయితగా చేర్చుకోండి. ఏ పత్రికా కత్తిరింపు ముఖ్యమో ఎంచే అధికారం ఒక భాష వారి చేతిలోనే ఉంటే చరిత్ర కూడా ఒక వైపుకే ఒరుగుతుంది.

బడి స్వయంగా అచ్చు వేసిన ద్విభాషా న్యూస్‌లెటర్లు దొరికితే వాటిని బల్ల మీద పరిచి, ఒకే సంచిక ఇంగ్లిష్ పేజీనీ స్పానిష్ పేజీనీ పక్కపక్కన పెట్టి చదవండి. ప్రిన్సిపాల్ సందేశం రెండింటిలోనూ ఒకే పొడవు ఉందా, బడ్జెట్ చర్చకు రమ్మన్న పిలుపు రెండు వైపులా ఉందా, స్పానిష్ పేజీ చేత్తో రాసి అతికించినదా లేక టైప్ చేసినదా, ఏ సంచిక నుంచి స్పానిష్ పేజీ మొదటికి వచ్చింది, ఏ సంచిక నుంచి అసలు మాయమైంది అన్నవి గమనించి రాసుకోండి. ఇలా ఒక దశాబ్దపు సంచికలను వరుసగా చూస్తే, బడి ఏ తల్లిదండ్రులతో మాట్లాడుతున్నానని అనుకుందో బోధపడుతుంది.

విద్యార్థుల రికార్డుల విషయంలో మాత్రం హద్దు దాటకండి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, పిల్లల్ని గుర్తించగలిగే విద్యా రికార్డులను తల్లిదండ్రుల అనుమతి లేకుండా బడి సాధారణంగా బయటపెట్టకూడదు, పెద్దయిన విద్యార్థి విషయంలో అనుమతి ఇవ్వవలసింది ఆ విద్యార్థే. మీకు కావలసింది పేర్లు కాదు, లెక్కలు. ఆ లెక్కలు మాత్రమే అడగండి.

చట్టాలను తరగతి గది దాకా తీసుకురండి

ఈ రకం చరిత్రల్లో చట్టాల అధ్యాయం ఒకటి పొడిపొడిగా మధ్యలో వచ్చి పడుతుంది. 1968 చట్టం, 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2002లో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం అని జాబితా ఇచ్చి ముందుకు పోతారు. వాటిని ఒక్కొక్కటిగా మీ బడి గుమ్మం దాటించి, లోపల ఏం మార్చిందో చూపించలేకపోతే వదిలేయడమే మేలు. లావ్ కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ విద్యార్థులకు సంబంధించినది. ఇంగ్లిష్ రాని పిల్లలకు ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చేతికిచ్చినంత మాత్రాన సమాన విద్య అందించినట్టు కాదని అది చెప్పింది, ద్విభాషా బోధనే జరగాలని మాత్రం ఆదేశించలేదు. ఈ తేడా తెలియకుండా ‘లావ్ తీర్పు వల్ల మా బడి వచ్చింది’ అని రాసేస్తుంటారు.

మీ రాష్ట్రపు చట్టాలు ఫెడరల్ చట్టాల కన్నా ఎక్కువ బరువైనవి కావచ్చు. ట్రాన్సిషనల్ ద్విభాషా విద్యను, అంటే పైన చెప్పిన మెట్టు పద్ధతిని, తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం మసాచుసెట్స్, 1971లో. అదే రాష్ట్రం 2002లో ఓటర్ల నిర్ణయంతో వెనక్కి మళ్లి, 2017లో మళ్లీ డిస్ట్రిక్టులకు వెసులుబాటు ఇచ్చింది. అరిజోనా 2000లో ఇంగ్లిష్ మాత్రమే అన్న దారి పట్టింది, కొలరాడో ఓటర్లు 2002లో అలాంటి ప్రతిపాదననే తిరస్కరించారు.

కాలిఫోర్నియాలోని బడి గురించి రాసేవారు 1998లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 227 దగ్గర తప్పనిసరిగా ఆగాలి. ఆ చట్టం కింద బోధన ఇంగ్లిష్‌లోనే సాగవలసి ఉండేది. తమ బిడ్డను ద్విభాషా తరగతిలో ఉంచాలనుకునే తల్లి గాని తండ్రి గాని ప్రతి సంవత్సరం స్వయంగా బడికి వచ్చి మినహాయింపు పత్రం కోసం దరఖాస్తు చేయవలసి వచ్చేది. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పదేళ్లలోపు పిల్లలైతే ముందుగా ముప్పై రోజులు ఇంగ్లిష్ తరగతిలో కూర్చోవలసి వచ్చేది. ఒకే తరగతిలో ఇరవై మంది లేదా అంతకు మించి మినహాయింపు పొందితేనే ఆ బడి ద్విభాషా తరగతి తప్పక నడపవలసి ఉండేది. ఒక్కసారి ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలలను ఊహించుకోండి. ఒక తరగతి బతకడమూ ఆగిపోవడమూ ఇరవయ్యో సంతకం మీద ఆధారపడి ఉంది. పని మానుకుని వచ్చి సంతకం చేసిన తల్లులు ఉంటారు, వారికి ఫోన్లు చేసి గుర్తు చేసిన ఉపాధ్యాయులు ఉంటారు. 1998 నుంచి, 2016లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 58 ఆ నిబంధనలను తొలగించేవరకు, ఏటా తరగతివారీగా వచ్చిన మినహాయింపుల సంఖ్యను సంపాదించగలిగితే, మీ పుస్తకంలో అంతకు మించిన పేజీ ఉండదు. ఆ పోరాటం కోర్టుల్లో కాక బడి ఆఫీసు కౌంటర్ దగ్గర జరిగింది, దానిని రాయగలిగేది స్థానిక చరిత్రకారులే.

మనుషులను అడగండి

మాజీ ప్రిన్సిపాల్స్‌ను అందరూ ఇంటర్వ్యూ చేస్తారు. మీరు వారితో పాటు తరగతి సహాయకులను, ఆఫీసులో ఫోన్ ఎత్తిన గుమస్తాను, భోజనశాలలో పనిచేసినవారిని, బస్సు డ్రైవర్లను, తొలి బ్యాచ్ విద్యార్థులను వెతికి పట్టుకోండి. బడి విడిచిపోయిన కుటుంబాలతో మాట్లాడటం మరీ అవసరం. ‘మా అబ్బాయికి ఇంగ్లిష్ వెనకబడుతుందని భయపడి మార్చేశాం’ అన్న స్పానిష్ మాట్లాడే తల్లి మాట, ‘స్పానిష్ హోంవర్కుకు ఇంట్లో సాయం చేయలేకపోయాం’ అన్న ఇంగ్లిష్ మాట్లాడే తండ్రి మాట వార్షికోత్సవ సభల్లో వినిపించవు.

మాట్లాడే భాషను ఎంచుకునే హక్కు ఎదుటివారిదే. రికార్డు చేయడానికీ, భద్రపరచడానికీ, ప్రచురించడానికీ అనుమతి పత్రాన్ని రెండు భాషల్లోనూ ముందే ఇచ్చి, చదువుకునే సమయం ఇవ్వండి. ‘ఆ రోజుల్లో బడి ఎలా ఉండేది’ అని అడిగితే ‘చాలా బాగుండేది’ అన్న జవాబే వస్తుంది. దానికి బదులు లౌడ్‌స్పీకర్‌లో ఉదయపు ప్రకటనలు ఏ భాషలో వచ్చేవి, విరామంలో పిల్లలు ఏ భాషలో దెబ్బలాడుకునేవారు, స్పానిష్ గ్రంథాల అలమార ఎక్కడ ఉండేది, తప్పు చేసినప్పుడు టీచరు ఏ భాషలో మందలించేది అని అడగండి. విరామంలో అందరూ ఇంగ్లిష్‌కే మళ్లేవారని పలువురు చెబితే, టైమ్‌టేబుల్‌లోని చెరి సగం లెక్కకు పక్కన ఆ మాటను కూడా రాయాలి. ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపి మాట్లాడినవారి మాటలను శుభ్రం చేయకుండా ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి.

ప్రవేశాల చరిత్ర గురించి కూడా ఈ సంభాషణల్లోనే గట్టిగా అడగవలసి ఉంటుంది. చికాగోలోని ఇంటర్–అమెరికన్ పాఠశాల 1975లో ఒక చిన్న ప్రీస్కూల్‌గా మొదలై తరవాత మాగ్నెట్ పాఠశాల అయింది. మాగ్నెట్ అయితే నగరం నలుమూలల నుంచీ పిల్లలు రావచ్చు, ఇరుగుపొరుగు బడి అయితే సరిహద్దు లోపలివారే రావాలి. బడికి పేరు వచ్చాక చుట్టుపక్కల ఇళ్ల అద్దెలు పెరగడం, స్పానిష్ మాట్లాడే కుటుంబాలు దూరం జరగడం, సీట్ల కేటాయింపు లాటరీలో ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబాల దరఖాస్తులు వెల్లువెత్తడం చాలాచోట్ల జరిగిన పరిణామం. మీ బడిలో జరిగిందో లేదో సరిహద్దు పటాలు, విద్యార్థుల లెక్కలు, సీట్ల కేటాయింపు నియమాలు పక్కపక్కన పెట్టి చూడండి. జరిగి ఉంటే, ఇప్పటి తల్లిదండ్రుల సంఘానికి ఇబ్బందిగా అనిపించినా, ఆ అధ్యాయం రాయాలి. ఎవరి పిల్లల కోసం ఆ బడి పుట్టిందో వారికే అందులో చోటు కరువైందంటే అది పుస్తకం మధ్యలో ఉండవలసిన విషయం, అధోసూచికలో సర్దవలసినది కాదు.

రాయడం, సరిచూడటం, భద్రపరచడం

అధ్యాయాలను ప్రిన్సిపాల్స్ పదవీకాలాలను బట్టి కాకుండా మీ పట్టికలో బయటపడిన మలుపులను బట్టి విభజించండి. జ్ఞాపకానికీ కాగితానికీ పొంతన కుదరని చోట రెండింటినీ రాసి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యంలో చెప్పండి. స్పానిష్ పేర్లలో ఉండే రెండు ఇంటిపేర్లనూ, అక్షరాల మీది గుర్తులనూ పాత ఇంగ్లిష్ రికార్డులు తరచూ వదిలేశాయి కనుక, పేర్లను సంబంధిత కుటుంబాలతో సరిచూసుకోండి. ఫొటోలో గుర్తుపట్టగలిగే పిల్లల పేర్లు వారి అనుమతి ఉంటేనే వేయండి.

స్పానిష్ ప్రతిని ఇంగ్లిష్ పుస్తకం పూర్తయ్యాక చివరి నెలలో హడావుడిగా చేయించే పనిగా పెట్టుకోకండి. ఏ అధ్యాయానికి ఏ భాషలో ఆధారాలు ఎక్కువగా ఉన్నాయో ఆ అధ్యాయాన్ని ముందు ఆ భాషలోనే రాసి, తరవాత రెండో భాషలోకి తెస్తే రెండు ప్రతులకూ సమానమైన ప్రాణం ఉంటుంది. చిత్తుప్రతిని అచ్చుకు ఇవ్వడానికి కనీసం రెండు నెలల ముందు, ఒక మాజీ స్పానిష్ ఉపాధ్యాయురాలికీ, ఒక మాజీ ఇంగ్లిష్ ఉపాధ్యాయుడికీ, తొలి బ్యాచ్‌లో చదివిన ఒకరికీ విడివిడిగా పంపి, అభ్యంతరాలను రాతపూర్వకంగా తీసుకోండి.

పుస్తకం వచ్చాక మీ దగ్గర మిగిలే రికార్డింగులు, స్కాన్‌లు, ఆ పెద్ద పట్టిక బడి బీరువాలోనే ఉండిపోతే, తదుపరి భవన మరమ్మతుల్లో చెత్తబుట్ట పాలవుతాయి. ఒక ప్రతిని నగర పబ్లిక్ లైబ్రరీలోని స్థానిక చరిత్ర విభాగానికీ, మరొక ప్రతిని దగ్గరలోని విశ్వవిద్యాలయ ఆర్కైవ్స్‌కూ అనుమతి పత్రాలతో సహా అప్పగించి, ప్రతి రికార్డింగుకూ వివరణను ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాయించి, కేటలాగులో రెండు భాషల్లో వెతికినా దొరుకుతుందో లేదో మీరే ఒకసారి వెతికి చూసుకోండి.